చిత్రీకరణమున దేశౌచిత్యము: బుక్కరాయసముద్రపు చెరువుకట్ట ఒక నిదర్శనము

కావ్యమున దేశము మాటలచే నిర్మింపబడును. చలనచిత్రమున దేశము ఎన్నుకొనబడును. కవి 'ఒక చెరువు కలదు' అన్నంతమాత్రమున చదువరి తానెరిగిన చెరువును తలచుకొని తృప్తి నొందును. చిత్రకర్త కట్టి సౌలభ్యము లేదు. అతడు చూపునది ఏదో యొక చెరువు కాక తప్పదు. ఆ చెరువునకు ఒక కట్ట, ఒక తూము, ఒక నేలరంగు, ఒక నీటిమట్టము ఉండును. కట్టపై నిలిచినది తుమ్మయో చింతయో తాడియో చూపరికి తెలిసిపోవును. కవి విడిచిపెట్టదగిన వివరములను చిత్రకర్త విడువజాలడు. కావుననే స్థలమును ఎన్నుకొనుట అతని పనులలో మొదటిది మాత్రమే కాక, ఇతివృత్తమును గూర్చి అతడు చేయు మొదటి వ్యాఖ్యానము కూడ నగుచున్నది.

సినిమావారి వ్యవహారమున 'లొకేషను' అనబడు ఈ స్థలనిర్ణయమును సాహిత్య విమర్శకులు తమది కాని విషయముగా భావించి వదలివేసియున్నారు. ఏ ఊరికి బస చాలును, ఏ ఊరికి విద్యుత్తు చక్కగా అందును, ఏ అధికారి అనుమతి కావలెను అను ప్రశ్నలు నిర్మాణశాఖవారివి. వానిలో మనకు జోక్యము లేదు. కాని ఏ కథ ఏ నేలమీద నడువవలెను అను ప్రశ్న మాత్రము మన శాస్త్రమునకు పాతది. ప్రకృతియు సంస్కృతియు నూరు మైళ్ల కొకసారి మారు ఈ దేశమున ఆ ప్రశ్నకు ప్రాముఖ్యము మరింత అధికము. అనంతపురము జిల్లాలోని బుక్కరాయసముద్రమును నిదర్శనముగా గొని దానిని పరిశీలించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

లక్షణగ్రంథములు ఈ విషయమున మనకు కొన్ని పనిముట్లను ఇచ్చినవి. 11వ శతాబ్దివాడైన కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ఔచిత్య విచారచర్చలో ఔచిత్యస్థానములను లెక్కించుచు దేశమును కాలమును ప్రక్కప్రక్కనే చేర్చినాడు. అతనికి పూర్వుడైన రాజశేఖరుడు కావ్యమీమాంసలో 17వ అధ్యాయమును దేశవిభాగమునకును, 18వ అధ్యాయమును కాలవిభాగమునకును కేటాయించినాడు. ఏ నది ఏ దిక్కున గలదో, ఏ వస్తువు ఏ దేశమున పుట్టునో, ఏ ఋతువున ఏ గాలి వీచునో ఎరుగని కవి తడబడునని అతని భావము.

ఆ రాజశేఖరుడే మరియొకచోట కవిసమయములను వివరించినాడు. వానిని అతడు మూడు తెరగులుగా విభజించెను. లేనిదానిని ఉన్నట్లు చెప్పుట మొదటిది: ప్రతి నదిలోను తామరలు, ప్రతి జలాశయమునను హంసలు. ఉన్నదానిని చెప్పకుండుట రెండవది: చందనవృక్షమునకు పూలును పండ్లును కలవైనను కవులు వర్ణింపరు. ఎల్లెడల గలదానిని ఒకచోటికే నియమించుట మూడవది: మొసళ్లు సముద్రముననే, ముత్యములు తామ్రపర్ణియందే. ఇవి కవులకు దోషములు కావు, సంప్రదాయసిద్ధములైన వెసులుబాటులు. హంసలేని చెరువున హంసను చెప్పిన కవిని ఎవ్వరును తప్పుపట్టలేదు. ఏలయనగా ఆ హంస పలుకులలోని హంస. చెరువుగట్టున నివసించువానికి దానివలన నష్టము లేదు.

చలనచిత్రమునకును కవిసమయము లేర్పడినవని మా అభిప్రాయము. కాని వాని ఫలము వేరు. పలుకు ఊహను రేపి ఊరకుండును. బొమ్మ సాక్ష్యముగా నిలుచును. చూచినవాడు 'ఇది ఇట్లే యుండును' అని నమ్మును. ఈ భేదమును గుర్తించినగాని స్థలనిర్ణయమున గల బాధ్యత మనకు తెలియదు.

తెలుగు చలనచిత్ర చరిత్రలో స్థలము పొందిన స్థానమును స్థూలముగా మూడు దశలుగా చెప్పవచ్చును. మొదటిది నిర్మితస్థలము. 1951లో విడుదలయైన 'మల్లీశ్వరి'లో బి.ఎన్.రెడ్డిగారు చూపిన వీరాపురమును, విజయనగర రాజధానియు చాలవరకు మదరాసులోని వాహినీ ప్రాంగణమున రూపొందినవి. కళాదర్శకుడు ఏ.కె.శేఖరు. ఆ సంవత్సరమే వెలువడిన 'పాతాళభైరవి'కిని, 1957 నాటి 'మాయాబజారు'నకును దర్శకుడైన కె.వి.రెడ్డిగారు అనంతపురము జిల్లా తాడిపత్రిలో జన్మించినవారు. బుగ్గ రామలింగేశ్వరుని గోపురశిల్పమును చిన్ననాటనే చూడదగిన ఊరినుండి వచ్చిన దర్శకుడు తన లోకమును పూర్తిగా గోడలమధ్య కల్పించుకొనెను. ఇందు వైరుధ్యము లేదు. ఈ నిర్మితస్థలము ప్రబంధములలోని పురవర్ణన వంటిది. అష్టాదశ వర్ణనలలోని నగరము ఏ నగరమును కాదు, మేలైన నగరముల సారము. అది తాను కల్పితమని దాచుకొనదు. కావున ఎవ్వరిని మోసగింపదు.

రెండవది ఎన్నుకొన్న స్థలము. 1964లో ఆదుర్తి సుబ్బారావుగారి 'మూగమనసులు' గోదావరిని కథలోనికి తెచ్చెను. 1967లో బాపుగారు 'సాక్షి'ని గోదావరీతీరమున పులిదిండి గ్రామమున చిత్రించిరి. పల్లెటూరి ఇంటిగోడ నిజమైన గోడ యగుటచేత నటుల నడక మారినదని 'సాక్షి'ని శ్రద్ధగా చూచినవారికి తెలియును. మూడవది ప్రమాణస్థలము. 1977లో మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను 'ఒక ఊరి కథ'గా తెలంగాణ పల్లెకు తెచ్చెను. గౌతమ్ ఘోష్ 'మా భూమి' 1979లో సిద్ధమయ్యెను. బి.నర్సింగరావుగారి 'దాసి' 1988లో వచ్చెను. వీనియందు ఇల్లు, గడీ, పొలము, పలుకుబడి అన్నియు వాదములోని సాక్ష్యములు. గడీని అట్టముక్కలతో కట్టినచో ఆ వాదము సగము బలహీనమగును.

కథను ఒకచోటినుండి మరియొకచోటికి కదల్చుట తప్పు కాదని 'ఒక ఊరి కథ' చెప్పుచున్నది. ఉత్తరదేశపు కథ తెలంగాణకు వచ్చినప్పుడు దానితో పాటు భాష, కూలి, ఆకలి, దొర అన్నియు మారినవి. కథ కొత్త నేలలో వేరు దన్నుకొనెను. దీనికి ప్రతియుదాహరణము 1965 నాటి హిందీ చిత్రము 'గైడ్'. ఆర్.కె.నారాయణ్ నవల దక్షిణదేశపు చిన్నయూరగు మాల్గుడిలో నడచును. చిత్రనిర్మాతలను ఆయన మైసూరు ప్రాంతమున త్రిప్పి, తన కథకు మూలమైన తావులను చూపించెను. వారు చూచి మెచ్చి, చివరకు రాజస్థానమునకు పోయి ఉదయపురమున చిత్రించిరి. సరస్సులును రాజప్రాసాదములును వర్ణచిత్రమునకు శోభ గూర్చినవనుటలో సందేహము లేదు. కాని చిన్నయూరివాడైన రాజు అను పాత్ర యొక్క చిన్నదనము ఆ శోభలో కరగిపోయినది. రచయిత తన అసంతృప్తిని తరువాత వ్యాసరూపమున ప్రకటించెను. 1986లో శంకర్ నాగ్ 'మాల్గుడి డేస్'ను దూరదర్శనమునకై కర్ణాటకములోని ఆగుంబెలో చిత్రించినప్పుడు, ఆ ఊరు మాల్గుడి కాకున్నను మాల్గుడి పరిమాణము దానికి సరిపోయినది. మానుషపరిమాణము సరిపడుట భౌగోళికసత్యముకంటె ముఖ్యమని ఈ జంట ఉదాహరణములవలన తేలుచున్నది.

ఇచ్చట ఒక ఆక్షేపణము రాదగును. 1975 నాటి 'షోలే'లోని రామ్‌గఢ్ ఉత్తరదేశపు పల్లె. అది చిత్రింపబడినది బెంగుళూరు చేరువనున్న రామనగరపు రాతిగుట్టలలో. ఫార్‌స్టర్ నవలలోని మరాబారు గుహలకు మూలము బీహారమునందలి బరాబరు గుహలు. 1984లో డేవిడ్ లీన్ వానికి బదులు సావనదుర్గమును రామదేవరబెట్టను ఎన్నుకొనెను. దక్కను రాయి ఉత్తరదేశమునకు ప్రతినిధిగా నిలిచినది. ప్రేక్షకులు నమ్మిరి. మరి దేశౌచిత్యమునకు విలువ యేమి? ఈ ఆక్షేపణము తేలికగా త్రోసివేయదగినది కాదు. దీనికి మా సమాధానము ఇది: ఆ చిత్రములలో రాయి ఏ జనసమూహమును గూర్చియు తీర్పు చెప్పదు. అది భయమునకును ఏకాంతమునకును ఉద్దీపన విభావము మాత్రమే. ఉద్దీపనమున ప్రతినిధి చెల్లును. చిత్రము ఒక ప్రాంతమును పేరుపెట్టి చూపి, 'ఇచ్చటి మనుష్యులు ఇట్టివారు' అని చెప్పబూనినప్పుడు స్థలము ఉద్దీపనము కాదు, ప్రమాణము. ప్రమాణమున ప్రతినిధి చెల్లదు.

ఈ నికషముపై రాయలసీమను చూపిన చిత్రములను పరీక్షింపవలసియున్నది. 1999లో వచ్చిన 'సమరసింహారెడ్డి' మొదలు, 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర' అను చిత్రముల విజయముతో ఒక చిత్రజాతి యేర్పడినది. 2010లో 'రక్తచరిత్ర' అనంతపురమును నేరుగా ఇతివృత్తముగా గ్రహించెను. కక్షలును హత్యలును ఈ ప్రాంతమున జరుగలేదని మేము వాదింపము. మా ప్రశ్న వేరు. ఈ చిత్రజాతిలో సీమ యొక్క నేల ఏ కవిసమయములకు లోబడినది?

రాజశేఖరుని మూడు తెరగులును ఇచ్చట కానవచ్చును. లేనిదానిని ఉన్నట్లు చూపుట: ప్రతి పల్లెయందును కోటవంటి మేడ, దానిముందు బారులు తీరిన వాహనములు. వేరుసెనగ పంట పోయి వలసపోవు కుటుంబముల పల్లెలలో ఈ మేడ ప్రతి నదిలోని తామర వంటిది. ఉన్నదానిని చూపకుండుట: చెరువు, తూము, మరువ, బిందెలతో నిలిచిన స్త్రీలు, మడకశిర రాయదుర్గము వైపున వినవచ్చు తెలుగు కన్నడముల కలయిక, నార్పల మండలము గూగూడున కుళ్లాయిస్వామి సన్నిధిని పీర్లపండుగను హిందువులును ముస్లిములును కలిసి జరుపుకొనుట, ధర్మవరము చెంత నిమ్మలకుంటలో తోలుబొమ్మలు కోయు కుటుంబములు. ఇక నియమము: ప్రణయము కోనసీమలోనే, నెత్తురు రాయలసీమలోనే. మొసలి సముద్రమునకు నియమింపబడినట్లు కత్తి ఈ నేలకు నియమింపబడినది. హంసను చెప్పిన కవివలన చెరువునకు నష్టము లేదంటిమి. ఈ నియమమువలన మాత్రము నష్టము గలదు. ఇతర ప్రాంతములలో చదువునకును ఉద్యోగమునకును పోయిన సీమ విద్యార్థిని 'మీది బాంబుల ఊరా?' అని తోటివారు హాస్యమునకు అడుగుదురని మా తరగతులలో పలుమారు విన్నాము. విద్యార్థి నవ్వి యూరకుండును. ఆ నవ్వు మాకు హాస్యముగా తోచలేదు.

ఇక బుక్కరాయసముద్రము. అనంతపురమునకు చేరువనే, చెరువున కావలివైపున ఉన్న ఊరు. పండమేరు ఏటికి అడ్డముగా విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కాలమున, 14వ శతాబ్దిలో, ఈ చెరువును చిక్కప్ప ఒడెయరు కట్టించెనని స్థానికచరిత్ర చెప్పుచున్నది. కట్టకు ఒకవైపున వెలసినది అనంతసాగరము, నేటి అనంతపురము. రెండవవైపున వెలసినది బుక్కరాయసముద్రము. రెండు పేళ్లలోను సముద్రమే. నీరు కరవైన నేలకు సముద్రమని పేరు పెట్టుట గొప్పకొరకు కాదు, కోరికవలన. పడమటికనుమలు నైఋతిఋతుపవనమును అడ్డగించుటచేతను, తూర్పుతీరము దూరమగుటచేతను ఈ పీఠభూమికి వాన తక్కువ. పూర్వపు అనంతపురము జిల్లా 2022 ఏప్రిల్ 4న రెండు జిల్లాలుగా విభజింపబడినది. ఆ ఉమ్మడి జిల్లాకు సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్దియు సెప్టెంబరు అక్టోబరులలో కొన్ని దినములలోనే కుంభవృష్టిగా పడుట కలదు.

ఇట్టి నేలలో పుట్టిన గొప్పకథ కరవును గూర్చినది కాకపోవుట పరిశోధకులు గమనింపదగిన సంగతి. ముసలమ్మ కథ వరదకథ. చెరువు నిండి కట్ట తెగుటకు సిద్ధమగును. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలిగా గోరి దైవవాణి వినిపించును. ఆమె గండిలోనికి నడచును. కట్ట నిలుచును. సి.పి.బ్రౌను 1853లో ఆంగ్లమున ప్రకటించిన అనంతపుర చరిత్రయందు ఈ కథ కలదు. దానిని గ్రహించి మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థియగు కట్టమంచి రామలింగారెడ్డిగారు 19వ శతాబ్ది ముగియు తరుణమున 'ముసలమ్మ మరణము' రచించిరి. ఆధునిక కావ్యమునకు తొలిరేఖగా పలువురు విమర్శకులు దానిని పేర్కొనియున్నారు. రాజును విడిచి రైతుకోడలిని నాయికగా గ్రహించుట, విషాదాంతముగా ముగించుట అందుకు కారణములు. మూడవ కారణమును మేము చేర్చుచున్నాము: ఆ కావ్యమున చెరువు వర్ణనకొరకు వచ్చినది కాదు. అష్టాదశ వర్ణనలలోని జలాశయమువలె నాయికానాయకుల విహారమునకు తావుగా నిలువక, చెరువు ఇతివృత్తకారణమైనది. చెరువును తీసివేసినచో కథ లేదు.

కన్నడమున 'కెరెగె హార' అను ప్రసిద్ధమైన జానపదగీతకథ కలదు. అందు కల్లనకేరి మల్లనగౌడుడు చెరువు త్రవ్వించును, నీరు పడదు. చిన్నకోడలు భాగీరథిని బలియిచ్చిన పిదప చెరువు నిండును. కథాబీజ మొక్కటే. ఒకచోట నీరు లేక బలి, మరియొకచోట నీరు మిక్కుటమై బలి. రెండింటను కోడలే, అందును చిన్నకోడలే. పుట్టింటినుండి వచ్చిన ఆడపడుచు ఊరికి అందరికంటె కడపట చేరినది, అందరికంటె మొదట ఇచ్చివేయదగినది. ఈ క్రూరమైన లెక్కను చూపనిదే ఏ చిత్రీకరణమును ఈ కథకు న్యాయము చేయదు. కాని ఒక భేదమును మరువరాదు. నీరు లేని చెరువు వేచియుండగలదు. తెగబోవు కట్ట వేచియుండదు. ముసలమ్మకు నిర్ణయమునకు గల వ్యవధి మిక్కిలి కొద్ది. ఆ కొద్ది వ్యవధియే ఈ కథలోని రసమునకు మూలము. ఆ వ్యవధిని నిర్ణయించునది స్థలము: వాన, ఏరు, కట్ట.

అట్లయిన 'ముసలమ్మ మరణము'ను నేడు చిత్రింపదలచినవారు ఎచ్చట చిత్రింపవలెను? మూలస్థలము ఉండగా ప్రశ్న యేల యని మేమును మొదట తలచితిమి. ఆ తలపుతోనే ఒక ఏప్రిల్ మాసమున కట్టమీదికి పోతిమి. చెరువు నడుమ కొంత నీరు మాత్రము మిగిలి, అంచుల బురద ఎండి పగుళ్లు వారియుండెను. మధ్యాహ్నపు ఎండ తెల్లగా మండుచుండుటచే ఎర్రనేల రంగును కోల్పోయినట్లు తోచినది. మేము పగుళ్లవారిన బురదను ఛాయాచిత్రము తీయుచుండగా గొర్రెలను తోలుకొనిపోవు ఒక వృద్ధుడు నిలిచి, "ఏమి సామీ, ఎండినదాన్నే తీస్తారు అందరూ. నిండినప్పుడు ఒకతూరి రాండి, ముసలమ్మ ఎందుకు దూకిందో తెలుస్తాది" అనెను. మా చేతిలోని ఛాయాచిత్రము మాకు అప్పుడు సిగ్గు కలిగించినది. మేము ఖండింపదలచిన కవిసమయమునే మేము ఆచరించుచుంటిమి. సీమ యనగా పగిలిన నేల యని మా కన్ను ముందే నిశ్చయించుకొనియుండెను.

రాజశేఖరుడు దేశమును కాలమును వరుస అధ్యాయములలో ఏల చేర్చెనో ఆ ముసలివాని మాటవలన మాకు బోధపడినది. స్థలము ఒక్కటే చాలదు, నెలయు కావలెను. ఏప్రిలులో చూచిన బుక్కరాయసముద్రము కరవుకథకు ప్రమాణము. అక్టోబరులో చూచినది ముసలమ్మ కథకు ప్రమాణము. చెరు వొక్కటే, చెప్పు సాక్ష్యములు రెండు. 2022 అక్టోబరులో కుంభవృష్టి కురిసి అనంతపురమున కాలనీలు నీట మునిగినప్పుడు, కరవుజిల్లాలో పడవలా యని దూరదేశములవారు ఆశ్చర్యపడిరి. ముసలమ్మ కథ నెరిగినవారు ఆశ్చర్యపడవలసిన పని లేదు. కరవును వరదయు ఈ నేలకు పరస్పరవిరుద్ధములు కావు. తక్కువ వాన ఒక్కసారిగా పడుటయే రెంటికిని మూలము. స్థలనిర్ణయమునకై ఒక్క దినము వచ్చి పోవువారు ఈ రెంటిలో ఒకదానినే చూచెదరు. చిత్రనిర్మాణ వ్యవస్థలో స్థలాన్వేషణమునకు మిగులు కాలము కొద్ది యగుటచే కవిసమయము వారికి దారిచూపును. కావున ఇది దర్శకుల దుర్బుద్ధివలన గాక తొందరవలన కలిగిన దోషమనుట న్యాయము.

మూలస్థలమునకు ప్రతిబంధకములు కలవు. నగరము పెరిగి చెరువును సమీపించినది. విద్యుత్ స్తంభములు, వాహనముల రొద, కాంక్రీటు మేడలు 14వ శతాబ్దిని చూపనీయవు. తుంగభద్ర ఎగువకాలువ జిల్లాకు వచ్చిన పిమ్మట నీటి లెక్కలు మారినవి. ఇదే మండలమున జంతులూరున ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయమునకు ప్రాంగణము వెలయుచున్నది. ఇంకొక ప్రతిబంధకము వీనికంటె సూక్ష్మమైనది. బుక్కరాయసముద్రమున ముసలమ్మ పాత్ర కాదు, దేవత. కట్టకు ఆమె పేరే. ఆమెకు మ్రొక్కువారు నేటికిని కలరు. మనకు కావ్యనాయికయైనది వారికి ఊరిని నిలిపిన తల్లి. ఆమె గండిలో దిగు దృశ్యమును ఆమె గుడియెదుట ఒక నటిచే పలుమారు అభినయింపజేయుట, 'మరొకసారి' యని దర్శకుడు కేకవేయుట, ఆ మ్రొక్కువారి కెట్లుండునో ఆలోచింపదగును. వారి నడిగి, వారు కాదనినచో మానుకొనుట స్థలనిర్ణయమున భాగమే.

ఈ లాభనష్టములను తూచి మేము చేరిన నిర్ణయ మిది. కథలోని ప్రాచీనదృశ్యములకు అదే పీఠభూమియందు, అదే ఎర్రనేల, అదే రాతికట్టడపు తూము, అదే పలుకుబడి గల మరియొక చెరువును గ్రహింపవచ్చును. విజయనగర కాలపు చెరువులు ఈ ప్రాంతమున ఇంకను కలవు. అది ప్రతినిధియైనను సజాతీయ ప్రతినిధి. ఆ స్థలమున అక్టోబరువరకు వేచియుండుట తప్పనిసరి. బుక్కరాయసముద్రపు కట్టను మాత్రము నేటి కట్టగనే, స్తంభములతోను వాహనములతోను ముసలమ్మ గుడితోను చూపవలెను. కథ ఎచ్చట జరిగెనని చెప్పబడినదో, ఎచ్చట ఇంకను నమ్మబడుచున్నదో ప్రేక్షకుడు చూడగలుగును. కోస్తాజిల్లాల పచ్చని చెరువును తెచ్చి పేరు మార్చుట మాత్రము తగదు. నిండినీరు నిత్యముగా నుండు చోట నీటికై ప్రాణమిచ్చుటకు అర్థము తగ్గును. ఏటికొకసారి నిండునో నిండదో యని చూచు ఊరిలోనే ఆ కట్ట విలువ తెలియును. తెగనిచ్చినచో మరల ఎన్నేండ్లకు నిండునో ఎవ్వరెరుగుదురు? ముసలమ్మ కాపాడినది ఊరిని మాత్రమే కాదు, ఆ యేటి నీటిని కూడ. వరదకథలో కరవు ఇట్లు దాగియున్నది.

భాషను గూర్చి ఒక మాట. స్థలమును ఎన్నుకొని పలుకును ఎన్నుకొనకపోవుట సగము పని. 2021లో వచ్చిన 'సినిమా బండి' ఆంధ్ర కర్ణాటక సరిహద్దు పల్లెలో ఒక ఆటోనడుపువాడు తనకు దొరికిన కెమెరాతో ఊరివారిచే చిత్రము తీయబూనుటను చెప్పును. అందు పేరున్న తారలు లేరు, మేడలు లేవు. పలుకును నేలయు ఒకదాని కొకటి సాక్ష్యమగుటచే ఆ పల్లెను మనము నమ్ముదుము. కత్తి కనబడకయే సీమసరిహద్దు జీవితము తెరపై నిలువగలదని ఆ చిన్న చిత్రము రుజువు చేసినది. నేడు చేతిలోని ఫోనుతోనే చిత్రించు యువకులకు అది మేలైన పాఠము. స్టూడియో అద్దె నాటి దర్శకుని బంధించెను. నేటివానిని బంధించునది అలవాటుపడిన కన్ను మాత్రమే.

కావ్యములకు మూలమైన తావులను వీడియోగా పదిలపరచు పని ఇప్పుడు మన పరిశోధక విద్యార్థులును చేపట్టుచున్నారు. వారికి మేము చెప్పదలచినవి మూడు. చిత్రించిన తావు పేరుతో పాటు మాసమును, నీటిమట్టమును వ్రాసియుంచుడు. కాలము చెప్పని స్థలచిత్రము సగము అబద్ధము. మూలస్థలమునకు బదులు ప్రతినిధిని చూపినచో ఆ సంగతిని మొదటనే చెప్పుడు. ఎన్నుకొన్న చోట జీవించువారు తమ చోటును గూర్చి ఏమందురో కెమెరా తెరువకముందే వినుడు.

మేము మరల అక్టోబరులో ఆ కట్టమీదికి పోతిమి. ఆ యేడు నీరు వచ్చినది. అల కట్టరాళ్లను తాకుచుండగా, గాలికి కట్ట కదలినట్లు ఒక భ్రాంతి కలిగినది. ఏప్రిలునాటి ఛాయాచిత్రమును మేము చింపివేయలేదు. రెండింటిని ప్రక్కప్రక్కన మా తరగతిగదిలో తగిలించి, 'ముసలమ్మ మరణము' పాఠమును అక్కడినుండి మొదలుపెట్టుచున్నాము. ఇవి ఒకే చెరువు బొమ్మలని విద్యార్థులు తొలుత నమ్మరు. ఆ అపనమ్మకమునుండియే ఈ కావ్యాధ్యయనము సరియైన దారిని ప్రారంభమగునని మా అనుభవము.